సత్తెమ్మ పెద్దమ్మ బావంచాల నూనె

మొన్న ఇబ్రహీంపట్నం అంగట్ల మూలికలమ్మేటాయన ఒక డబ్బా మూత తీసిండు. బావంచాల ఘాటు ముక్కుకు తగిలింది. శీకాయ కొననీకి పోయినదాన్ని, అడగుడు మర్చిపోయి అక్కడ్నే నిలవడ్డ. మా పక్కింటి సత్తెమ్మ పెద్దమ్మ చేతులు అట్లనే వాసనొచ్చేటియి. నేను చదివింది ఐదో తరగతి దాకనే. కూసొని రాసుడు ఇదే మొదలు, తప్పులుంటె ఏమనుకోకుర్రి.

మా చుట్టూత పొలాలన్ని ప్లాట్లయితున్న రోజులయి. హద్దురాళ్ల నడుమ మొలిచిన బావంచ మొక్కల గింజలు పెద్దమ్మ ఒడిల ఏరుకొచ్చేది. నానవెట్టి, ఎండవోసి, దంచి, నువ్వుల నూనెల సన్నని మంట మీద చిటపట ఆగేదాక కాచేది. తలకు గుంటగలగరాకు నూనె, గజ్జికి కానుగ నూనె, తెల్లమచ్చలకు బావంచాల నూనె. ఎవలొచ్చినా ఇచ్చేది. పైస తీసుకునేది కాదు.

అప్పుడు నేను శేరిగూడల కాలేజీ పిల్లల మెస్సుల చపాతీలు చేస్తుంటి. కుడిచేతి వేళ్ల మీద తెల్లమచ్చలు లేచినయ్. మెస్సు నడిపే శారదమ్మది గుంటూరు దిక్కు. సెలవులిచ్చిన దినం నన్ను పక్కకు పిలిచింది. "చూడమ్మా, పిల్లలు నీ చెయ్యి చూసి ప్లేట్లు వదిలేస్తున్నారు. కాలేజీ తెరిచేలోపు తగ్గించుకుని రా. లేకపోతే ఇంకొకళ్లని చూసుకోవాలి" అన్నది. మా ఆయనకు వారంల మూడు రోజులే పని దొరికేది. నా పని పోతె ఇల్లు గడవది.

ఏడ్సుకుంట పెద్దమ్మ కాడికి పోయిన. "ఏడుస్తె మచ్చ పోతదానే? ఇటు రా" అని బర్రెల కొట్టం ముందర కూసోవెట్టింది. బియ్యపుగింజంత నూనె మచ్చ మీదనే అద్దింది. "నేను ఒక్క బర్రె పాలు పిండినంత సేపే పొద్దటెండల ఉండాలె. రెండోదాని కాడికి పోంగనే చెయ్యి కడుక్కొని నీడకు రా."

"ఎక్కువసేపుంటె జల్ది పోతది గదా పెద్దమ్మా?"

"మచ్చ కాదు, తోలు పోతది."

పదిహేను రోజులకు తెలుపు నడుమ నల్లచుక్కలు రెండు మూడు పొడిసినయ్. తోలు రంగు మళ్ల వస్తున్నదని నాకు ఆశ పుట్టింది. కాలేజీ తెరవనీకి ఇంక నాలుగు రోజులే. పెద్దమ్మ ఇంట్ల లేనప్పుడు సీస తీసుకపోయి వేళ్లన్నిటికి పట్టిచ్చి, మిట్టమధ్యాహ్నం స్లాబు మీద కూసున్న. మర్నాడు పొద్దుగాలకు వేళ్లన్ని బొబ్బలు.

పెద్దమ్మనే దవాఖానకు తీసుకపోయింది. "ఈ నూనె ఎవరిచ్చారు?" అని డాక్టరు గట్టిగ అడిగిండు. నేను తలకాయ వంచుకున్న.

"నేనే సారు. కాచుడుల కొలత తప్పినట్టుంది. తప్పు నాది" అన్నది పెద్దమ్మ.

అందరి ముందర తిట్టిండు ఆయన. ఆమె నిలవడి విన్నది. మచ్చలు అంటుకునేటియి కావని, సొంతంగ నూనెలు రాయొద్దని చెప్పి మలాము రాసిచ్చిండు. నేను ఒక్క మాట మాట్లాడలే.

రెండు రోజులకు బడంగ్‌పేట నుంచి ఒకామె బిడ్డను తోల్కొని నూనె కోసమొచ్చింది. "నా చేతికి కొలత తప్పిందమ్మా. ఇంక ఎవ్వలకియ్య. దవాఖానల చూపెట్టు" అని పెద్దమ్మ పంపిచ్చేసింది. నూనె కుండ పెంటకుప్ప మీద బోర్లేసి ఉంది. ఆమె పోంగనే చెప్పేసిన.

"పెద్దమ్మా, నీ కొలత తప్పలే. నేనే పట్టిచ్చుకొని మిట్టమధ్యాహ్నం ఎండల కూసున్న."

"ఎంతసేపు?"

"నాలుగు బర్రెలు పిండినంత."

"థూ నీ పాడుగాను! ముందుగాల నోరు పడిపోయిందానే? నూనంత పారవోస్తి గదనే!" అని చేతిల చీపురు ఇసిరింది. తర్వాత గోడకు ఒరిగి కూసున్నది. "రెండు దినాలు తిండి పోలే నాకు. చేతులు ముసలియైనయ్, ఎవల బిడ్డ తోలన్న కాలుస్తనేమో అనుకున్న" అన్నది. చీపురు దెబ్బ తగిలినా అంత నొయ్యకపోవు.

కాలేజీ తెరిచిన దినం చేతికి గుడ్డ చుట్టుకొని పోయిన. తగ్గిందమ్మా, కాలింది అంతే అని చెప్దామని తొవ్వ పొంటి అనుకుంటనే పోయిన. శారదమ్మ "తగ్గిందా?" అనంగనే గుడ్డ ఇప్పేసిన. "తగ్గలేదమ్మా. తగ్గుతదో లేదో తెల్వది. అంటుకోదని డాక్టరు చెప్పిండు. కాలింది నా తప్పే" అన్న. ఆమె నా చెయ్యి పట్టుకొని తిప్పి చూసింది. "పుండ్లు మానాక రా. నీ పీట మీద ఎవరినీ కూర్చోబెట్టను" అన్నది.

మానినంక పోయిన. చానా ఏండ్లు చేసిన. మచ్చలు ఇంక ఉన్నయ్, పెద్దమ్మ లేదు. పనిల నాతోని తప్పు జరిగితె ఇప్పటికి భయమైతది. ఐనా వేరేటోళ్ల మీద పడకముందే నోరు తెరుస్త.