చాందిని పాలూ, మహబూబ్ మణికట్టూ

కరోనా తగ్గి జిమ్ములు మళ్లీ తెరిచిన ఏడాది సంగతి ఇది. మేడ్చల్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం పై అంతస్తులో మా వ్యాయామశాల. నేను పదో తరగతి గట్టెక్కినవాణ్ని కాదు. కండల గురించి నాకు తెలిసిందంతా కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత వైద్య పుస్తకాల నుంచి, ఇన్నేళ్లుగా నా ముందు చాచిన చేతుల నుంచి నేర్చుకున్నదే. అయినా ఫోన్లో రెండు వీడియోలు చూసినవాడు వచ్చి నాకే పాఠం చెబుతాడు! ఒకాయన అయితే, నొప్పి లేనిదే ఫలితం లేదని మా గోడకు పోస్టరు కూడా అంటించాడు. చించి అవతల పారేశాను. నొప్పి అంటే శరీరం పెట్టే కేక. కేక పెట్టేవాడి నోరు నొక్కితే, ఇల్లు అంటుకున్న సంగతి మనకెవరు చెబుతారు?

ఆ రోజుల్లోనే మహబూబ్ వచ్చాడు. శామీర్‌పేట దగ్గరి పల్లెలో అతనికి బర్రెల పాడి ఉంది. పొద్దున్నే మేడ్చల్ కాలనీల్లో ఇంటింటికీ పాలు పోస్తాడు. ఖాళీ క్యాన్లు కింద బండికే వేలాడదీసి, మెట్లెక్కి వచ్చి, కుడిచెయ్యి నా ముందు పెట్టాడు.

"ఉస్తాద్, చేతిల తాకత్ పోయింది. చెంబు గూడ పట్టనిస్తలేదు. గట్టి కసరత్ చెప్పు, జల్దీ."

"డాక్టరుకు చూపిచ్చినవా?"

"చూపిచ్చిన. టెండినైటిస్ అన్నడు. గోలీలు రాసిండు, మణికట్టుకు పట్టీ ఇచ్చిండు, రెస్టు తీస్కోమన్నడు. రెస్టు తీస్కుంటే తాకత్ ఎట్లొస్తది? నువ్వే చెప్పు!"

అంటూనే జేబులోంచి స్ప్రింగు గ్రిప్పర్ తీసి కరకర నొక్కడం మొదలుపెట్టాడు. బండి ఆపిన ప్రతిచోటా అదే పనట. నాకు ఒళ్లు మండిపోయింది. కండను ఎముకకు కట్టి ఉంచే తాడు టెండన్. ఒకే పనిని పదే పదే చేస్తే ఆ తాడు రేగుతుంది. అదే టెండినైటిస్. గ్రిప్పర్ లాక్కున్నాను.

"రేగిన తాడును ఇంకా గుంజుతున్నవా? పుండు మీద గరుకు కాయితం రుద్దుకుంటవా?"

అతని మొహం వాడిపోయింది. "ఈ చెయ్యి పోతే బర్రెల్ని అమ్ముకోవాలె ఉస్తాద్. మా చాందిని ఇంకొకళ్ల చెయ్యి పడనియ్యది."

చాందిని అంటే బొగ్గుకన్నా నల్లటి ముర్రా బర్రె. దానికి వెన్నెల అని పేరు పెట్టిన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఇంట్లో పాలన్నిటిలో సింహభాగం దానిదే.

డాక్టరు మాట కాదనకుండా, అతనికి ఐసోమెట్రిక్ కసరత్తు నేర్పాను. అంటే కీలు కదలకుండా కండ బిగించడం. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేతి వెనకవైపును రెండో చేత్తో అడ్డుకుని, మెల్లగా పైకి నెట్టాలి. నొప్పి ఓర్చుకోగలిగినంతలోనే ఉండాలి, మర్నాడు పొద్దుటికి పెరిగిందంటే బలం తగ్గించాలి. మణికట్టు మడిచి దండీలు, అంటే పుషప్‌లు, తీయొద్దు; మోచేతుల మీద ఒళ్లు బిగించి కదలకుండా ఆగే ప్లాంక్ చాలు. నడక, బైఠక్‌లు మానక్కర్లేదు. చెయ్యి నొస్తే కాళ్లు ఏం పాపం చేశాయి?

వారాలు గడిచినా వాపు తగ్గలేదు. అనుమానం వచ్చి నిలదీశాను.

"పట్టీ కట్టుకుంటున్నవా?"

"కసమ్ ఉస్తాద్, పొద్దంతా కట్టుకుంటున్న. పాలు పిండేటప్పుడే ఇప్పుతున్న."

"అప్పుడే ఎందుకిప్పుతున్నవయ్యా?"

"పాలు పడితే ఖరాబైతది గద, కొత్తది!"

"రెస్టు తీస్కుంటున్నవా మరి?"

"మస్తు. పొద్దున పిండినంక రెస్టు, మాపటికి పిండినంక రెస్టు."

"పిండుడే ఆపాలె గదా!"

"పిండుడు కసరత్ కాదు గద ఉస్తాద్. అది పని."

నెత్తి కొట్టుకుని, ఆ సాయంత్రమే వాళ్ల కొట్టానికి వెళ్లాను. చూద్దును కదా, బొటనవేలు మడిచి, చన్నును ఆ వేలి కణుపుకేసి నొక్కి లాగుతున్నాడు. ఈ చుట్టుపక్కల చాలామంది అలాగే పితుకుతారు. అటు చన్నుకూ దెబ్బ, ఇటు బొటనవేలి తాడుకూ దెబ్బ. వేళ్లన్నీ చుట్టి నిండు పిడికిలితో, మణికట్టు వంచకుండా పితకాలి. కానీ ముందు ఆ చేతికి విరామం కావాలి. అతని భార్య షాహీన్ గడప దగ్గరే నిలబడి ఉంది.

"నేను పిండుత అంటే ఇయ్యడు చాచా."

"చాందిని తంతది," అన్నాడు మహబూబ్.

"తంతే నన్ను తంతది. నీకేంది?"

అలవాటైన మనిషి వాసన లేకపోతే కొన్ని బర్రెలు చేపవు, అంటే పొదుగు నుంచి చన్నుల్లోకి పాలు దించవు. అందుకని షాహీన్ మొగుడి ఉతకని అంగీ, లుంగీ వేసుకుని, అతని తువ్వాలు తలకు చుట్టుకుని పీట మీద కూర్చుంది. చాందిని వాసన చూసింది, ఊరుకుంది. బకెట్లో ధార మోగింది. అప్పుడు గడ్డివాము చాటు నుంచి చూస్తున్న మా వీరుడు ఆగలేక, "మెల్లగ!" అని అరిచాడు. చాందిని తల తిప్పింది. అటొక మహబూబ్, ఇటొక మహబూబ్! కాలు విసిరింది. బకెట్ ఎగిరిపడింది, పాలన్నీ పేడలో కలిశాయి.

"పాలు పిండేటప్పుడు ఈయనను ఎటన్న తోలుకపో చాచా!" అంది షాహీన్, తువ్వాలు విప్పి విసిరికొడుతూ.

అదే చేశాను. మర్నాటి నుంచి పాలు పితికే రెండు పూటలా అతణ్ని నా ఎదుట కూర్చోబెట్టుకున్నాను. చెయ్యి కసరత్తు ఒక్క పూటే, రెండో పూట ఉత్త కాపలా. నొప్పి అణిగాక ఎక్సెంట్రిక్ కసరత్తుకు మారాం. అంటే బరువును దించేటప్పుడు కండను మెల్లగా సాగనివ్వడం. చిన్న నీళ్లసీసా పట్టించి, పైకెత్తడానికి రెండో చెయ్యి సాయం, దించడానికి నొచ్చిన చెయ్యి ఒక్కటే. పక్కన ఇనుము ఎత్తే కుర్రాళ్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఇద్దరు మోచేయి పట్టేసి ఇప్పుడు అదే సీసా దగ్గరికొచ్చారనుకోండి, అది వేరే కథ.

వానలు పడేనాటికి చెయ్యి బాగుపడింది. సాధు బర్రెలతో మొదలుపెట్టి, నిండు పిడికిలి అలవాటు చేసుకున్నాడు. చివరికి చాందిని దగ్గర కూర్చున్నాడు. అది చేపలేదు. షాహీన్ కోసం మెడ చాచింది.

"నా అంగీ తొడుక్కుని నా బర్రెను గుంజుకున్నది ఉస్తాద్!" అని నా దగ్గర మొత్తుకున్నాడు.

"బర్రె ఇంట్లనే ఉన్నది గదా, అమ్మలేదు గదా," అన్నాను.

"అది సరేగని... ఇజ్జత్?" అన్నాడు.

మహబూబ్ వల్ల నా తనిఖీ పద్ధతి మారింది. ఏ కసరత్తు చేస్తున్నావని ఇప్పుడు నేను ముందుగా అడగను. కళ్లు తెరిచింది మొదలు ఆ చెయ్యి ఏమేం చేస్తుందో అడుగుతాను. మొన్న బౌరంపేట కాలనీ నుంచి ఒక గోదావరి జిల్లా ఆవిడ మణికట్టు పట్టుకుని వచ్చింది.

"నేనేం పని చేయనండీ మాస్టారూ, ఇంట్లోనే ఉంటాను. మరెందుకొచ్చిందో ఈ నొప్పి!"

"చపాతీలు ఎవరు ఒత్తుతారమ్మా? బట్టలెవరు పిండుతారు?"

"నేనే. అయినా అదేం పనండీ?"

కుర్చీ దగ్గరికి లాక్కుని, పొద్దున కళ్లు తెరిచింది మొదలు చెప్పమన్నాను.