వెల్డరు ఇరవయ్యో సిట్టింగు

మెదడులో ఉబ్బిన రక్తనాళానికి క్లిప్పు వేసి, వెల్డరును బతికించి ఇంటికి పంపారు. ప్రాణం వచ్చింది గానీ మనిషి రాలేదు. ముప్పై ఏళ్లు గ్యాస్ మంట ముందు నోరు మూయకుండా పనిచేసినవాడు, ఇప్పుడు కూర్చోమంటే కూర్చుంటాడు, లేవమంటే లేస్తాడు, నోట మాట మాత్రం లేదు. చూడొచ్చినవాళ్లంతా "బతికాడు, అంతే చాలు" అనేసి పోయేవారు. ఆయనతో కాపురం చెయ్యాల్సిన అవసరం లేనివాళ్లకు అంతే చాలు మరి.

ఆక్సిజన్ చాంబర్ సంగతి డాక్టరే ఎత్తాడు. అద్దాల గొట్టంలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి, అచ్చమైన ఆక్సిజన్ పీల్పిస్తారు.

"ఇలాంటి కేసుల్లో పనిచేస్తుందని రుజువు లేదమ్మా. ఇరవై సిట్టింగులు చూద్దాం. మార్పు లేకపోతే ఆపేద్దాం."

పంతొమ్మిది అయిపోయాయి, మార్పు లేదు. రోజూ భార్య ఆయనకు నూలు బట్టలు తొడిగేది. రోజూ చాంబర్ ఆపరేటరు అదే పాఠం అప్పజెప్పేవాడు: "లైటరు, ఫోను, నూనె, క్రీము ఏమీ లేవుగా?" ఆమె పూర్తిగా వినకుండానే "లేవు బాబూ" అనేసేది.

ఇరవయ్యో రోజు ఆయన పెదాలు పగిలి నెత్తురు కనిపించింది. బయల్దేరే ముందు ఆమె పగుళ్లకు కాస్త పెట్రోలియం జెల్లీ రాసింది.

చాంబర్ తలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు. నాలుకతో పెదవి తడుముకున్నాడు.

"ఎవడ్రా అది! గ్రీజు!"

నాలుగు నెలల్లో మొదటి మాట. ఆమె గబగబా ఆయన చెయ్యి పట్టుకుంది.

"గ్రీజెక్కడుందండీ, ఇదేమన్నా మన షాపా? పడుకోండి, నా తండ్రి కదూ."

"గ్రీజు! గ్రీజు!" చొక్కా చేత్తో నోరు రుద్దుకుంటూ ఆపరేటరును ఒక్క తోపు తోశాడు.

ఆపరేటరు కాగితం మీద 'అయోమయం, సహకరించలేదు' అని రాశాడు. సిట్టింగులు ముగిశాయి.

బస్సులో రుమాలు కోసం సంచి వెతికితే జెల్లీ డబ్బా చేతికి తగిలింది. షాపులో పనికుర్రాళ్ల మీద ఆయన వేసే కేకలు ఒక్కసారిగా చెవిలో మోగాయి: "జిడ్డు చేత్తో ఆక్సిజన్ సిలిండరు ముట్టుకుంటావేంట్రా? నిప్పంటుకుంటే ఎముక కూడా మిగలదు! చావాలనుంటే ఇంటికెళ్లి చావు, నా షాపులో కాదు!"

తర్వాతి స్టాపులో ఆయన్ని చెయ్యి పట్టి దించి, వెనక్కి ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరు డబ్బా తీసుకుని పైన రాసింది చదివాడు. "ఆయన అన్నదే కరెక్టు. మేమే చూసుకోవాల్సింది."

"అయితే మనిషి తిరిగొచ్చినట్టేగా?"

"చెప్పలేనమ్మా. ముప్పై ఏళ్ల అలవాటు, మనిషి లేకపోయినా దానంతటదే పలకొచ్చు. ఇంకొక్కసారి అలా తెలిసి మాట్లాడితే తీసుకురండి. ఇంకో ఇరవై రాస్తాను."

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. వేలికి జెల్లీ తీసుకుని ఆయన ముక్కు ముందు పెట్టింది.

"ఏవండీ, ఇదేంటి? చెప్పండి. నన్ను తిట్టండి పోనీ."

ఆయన వేలి వంక చూశాడు. చూసి చూసి, రాయమన్నట్టు పెదాలు ముందుకు చాపాడు.