యేసమ్మ కృతజ్ఞత కానుక

రెండు క్యాన్సర్లు వచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పవచ్చునా? నాకు ఇప్పటికీ తెలియదు. యేసమ్మకు మాత్రం అది ప్రశ్నే కాదు.

మా ఇద్దరిదీ ఒకే చర్చి. ఎడపల్లి చెరుకు తోటల్లో కలుపు తీస్తూ పెరిగిన మనిషి, ఇప్పుడు బోధన్‌లో నేను రోజూ కూర్చుని చదువుకునే గ్రంథాలయం ఊడుస్తుంది. "సదివింది సాలు గని, కాళ్లు లేపు అన్నా" అంటుంది.

పోయిన వానకాలం ఆమె రొమ్ములో గడ్డ కనిపించింది. నిజామాబాద్‌లో పరీక్ష చేస్తే క్యాన్సరన్నారు. ఆపరేషన్‌కు ముందు తీసిన స్కానింగులో కిడ్నీ మీద ఇంకో మచ్చ. రొమ్ములోదే అక్కడిదాకా పాకి ఉంటే కోసి లాభం లేదని, కిడ్నీ ముక్క తీసి చూడాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఫలితం వచ్చేదాకా కొడుకు బెన్‌హర్ సరిగ్గా అన్నం తినలేదు. యేసమ్మ ఊడవడం మానలేదు.

ఫలితం వినడానికి నన్నూ తోడు తీసుకుపోయారు.

"కిడ్నీలోది వేరే క్యాన్సర్. రొమ్ములోదానితో సంబంధం లేదు," అంది డాక్టరమ్మ.

"రెండా!" బెన్‌హర్ తల పట్టుకుని ఏడ్చేశాడు.

యేసమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "తుంగగడ్డి లెక్క కింద కింద పాకలేదు గద, మేడం?"

"లేదు. రెండూ చిన్నవే. దేనికదే తీసేయొచ్చు."

"గట్ల జెప్పుండ్రి మరి!" కొడుకు వీపు మీద ఒక్కటేసింది. "ఎందుకేడుస్తున్నవ్‌రా? ఒక్కటే పాకి ఉంటే ఏడ్వాలె."

ఆదివారం చర్చిలో కానుక కవరు పాస్టర్ జయరాజ్ చేతిలో పెట్టింది. ఎందుకిస్తున్నారో అందరికీ చెప్పాకే మా దగ్గర ప్రార్థన. పిల్లకు ఉద్యోగం, కోడలికి కాన్పు, బోరులో నీళ్లు, ఇలాంటివే వింటూ వచ్చాం.

"ఏమని చెప్పాలమ్మా?" అన్నాడు జయరాజ్.

"రెండు రోగాలు వేరువేరని తేలినందుకు, అయ్యగారూ."

ముందు వరసలో ఉన్న సువర్ణ ఉండబట్టలేక, "రెండొస్తెనే కానుకిస్తివి, మూడొస్తె యాటను గోస్తవా అక్కా?" అంది.

యేసమ్మే ముందు నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. జయరాజ్ ఆమె చెప్పిన మాటతోనే ప్రార్థన చేశాడు. నేనూ ఆమెన్ అన్నాను. దేనికన్నానో తేల్చుకోలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే ఆమె ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరాలి. కానుక ఇచ్చినవాళ్లు ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెప్పడం మా అలవాటు. అందుకని వరసలో నిలబడ్డాం. నవ్వించిన సువర్ణే అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది. తీరా చూస్తే గుమ్మం దగ్గర ఎవరూ లేరు. మెట్ల కింద యేసమ్మ చెప్పులూ లేవు. మలుపు దగ్గర బెన్‌హర్ బండి, వెనక ఆమె తెల్లకొంగు కనిపించాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.