ప్రార్థన గదిలోకి పురుగులు ఎక్కడి నుంచి వచ్చాయి

పన్నెండేళ్లుగా ఒక పేరు నా గొంతులో ముల్లులా ఉంది. ఆ పేరు విషయంలో నా తప్పును దేవుని ముందు ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. మనుషుల ముందు ఒక్కసారీ ఒప్పుకోలేదు. ఆమె పేరు సుందరమ్మ. నేనెవరో మీకు తెలియదు గనుక మీతో చెప్పగలుగుతున్నాను.

పెనుకొండ దగ్గరి ఒక పల్లెలో నేను క్రైస్తవ సంఘానికి ఉపదేశిని, పాస్టరుగారు రాని వారాల్లో ప్రసంగించేవాణ్ణి. ఆ ఏడు వాన పట్టుకుని వదల్లేదు. మా ప్రార్థన గది నిండా చెవిపురుగులు, తోక చివర చిన్న పట్టుకారు ఉండేవి. చాపల కింద, బైబిలు అట్టల్లో, ఆడవాళ్ల కొంగుల్లో. చెవిలో దూరతాయన్న భయంతో జనం దూది పెట్టుకుని పాటలు పాడారు. నేను బైబిల్లో దేవుడు ఐగుప్తు మీదికి పంపిన తెగుళ్ల గురించి ప్రసంగించాను. మనలో ఎవరో పాపం దాచారన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు. జ్వరం వచ్చిన తన బిడ్డ మెడలో సుందరమ్మ, సంఘం ఒప్పుకోని తాయెత్తు కట్టిందని అందరికీ తెలుసు.

ప్రార్థన అయ్యాక ఆమె బిడ్డను చంకనెత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, పురుగులు నా కోసం వస్తే నా ఇంటికి రావల్ల గదా? మా ఇంట్లో ఒగటి గూడా లేదు. అన్నీ ఈడనే ఉండాయి."

"ఎదురు మాట్లాడొద్దమ్మా. చేసింది ఒప్పుకో."

"తాయెత్తు కట్టింది నిజమే, ఒప్పుకుంటా. పురుగుల్ని పిలిచింది మాత్రం నేను గాదు."

అది గర్వమనుకున్నాను. పాస్టరుగారు వచ్చినప్పుడు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లకు దూరంగా ఉంచమని ఆమె పేరు ఇచ్చాను.

నాలుగు రోజులకు ఆవుకు మేత తీయబోయాను. నా పెరట్లో చోటు లేక కాయలు తీయగా మిగిలిన వేరుశనగ కట్టెను ప్రార్థన గది వెనక గోడకు ఆనించి వామి వేసుకున్నాను. అడుగంతా నాని కుళ్లింది. మోపు ఎత్తగానే వందల పురుగులు గోడ పగుళ్లలోకి పరుగెత్తాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు. తెల్లటి గుడ్ల కుప్పను ఒంటితో కప్పుకుని ఉంది. పుల్లతో తోస్తే మళ్లీ గుడ్ల దగ్గరికే వచ్చింది.

అర్థమైనవాడు ఏం చేయాలి? వెళ్లి చెప్పాలి. నేను ఎవరికీ చెప్పకుండా వామి తీసేశాను. పగుళ్లకు మట్టి మెత్తాను. గోడ వెంబడి నేల ఎండనిచ్చాను. కొన్నాళ్లకు పురుగులు పోయాయి. పాపిని దూరం పెట్టినందుకే తెగులు పోయిందని సంఘం దేవుణ్ణి స్తుతించింది. ఆ స్తుతి పాట ఎత్తుకున్నది నేనే.

దేవుని ఇంటి గోడను నా ఆవు మేతకు వాడుకున్నానని చెప్పడం అంత పెద్ద సిగ్గా? కాదు. కానీ ఆ మాట చెబితే, దేవుడు పలికించాడని నేను నమ్మించిన ప్రసంగం వట్టి నా మాటేనని తేలిపోతుంది. అప్పుడు నేనెవరిని?

బావి దగ్గర ఆడవాళ్లు సుందరమ్మతో మాట్లాడటం మానేశారు. వేసవికి ముందే ఆమె బిడ్డనెత్తుకుని హిందూపురం కూలికి పోయింది. మొన్న అక్కడి సంతలో కనిపించింది. పక్కన ఎదిగిన కూతురు. నన్ను చూసి చేతులు జోడించింది. తలూపి వచ్చేశాను.

క్షమించమని అడగడానికి ఇంకా నోరు రాలేదు. ఆమె తన తప్పును ఆ రోజే ఒప్పుకుంది. నాకు పన్నెండేళ్లు పట్టింది, అదీ ముఖం తెలియని మీ ముందు.

పురుగుల్ని పిలిచింది నేను.