మంచు దేశంలో మా తాటిచెట్టు

గూఢచారి సినిమాలకు విదేశాలు ఎందుకు కావాలో నాకు బాగా తెలుసు. అదే హీరో స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు దిగాడనుకోండి. నల్ల కోటు, నల్ల కళ్లద్దాలు, చేతిలో చిన్న పెట్టె. నాలుగడుగులు వేయకముందే సోడాబండి దగ్గర ఎవరో ఒకరు ఆపుతారు. "ఏ ఊరన్నా మనది? ఎవలింటికి వోవాలె?" జవాబు చెప్పకపోతే ఇంకా పరేషాన్. "పిల్లను సూడనీకి వచ్చినవా ఏంది?" అంటూ కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మేనమామది ఏ ఊరో బయటపెట్టేదాకా వదలరు. రహస్యం సంగతి దేవుడెరుగు, సాయంత్రానికల్లా సంబంధం ఖాయం చేస్తారు. అందుకే పాపం ఆ నిర్మాతలు అంతంత ఖర్చు పెట్టుకుని, ఎవరూ ఎవరినీ పలకరించని దేశాలకు పోతారు.

నేను జనగామలో బడి పంతులమ్మను. ఈ సినిమాల పిచ్చి మాత్రం అమ్మ నుంచి వచ్చింది. అమ్మను మేము అవ్వా అనే పిలుస్తాం. ఆమె ఉండేది భూపాలపల్లి దగ్గర, చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించే ఒక చిన్న ఊళ్లో. చదువు రాదు. గూఢచారిని సీఐడీ అంటుంది. ఆ సీఐడీ ఎవరిని కొట్టాడో, ఎందుకు కొట్టాడో ఆమెకు పట్టదు. కొత్త ఊరు వచ్చినప్పుడల్లా తెర అడుగున ఆ ఊరి పేరు టిక్కుటిక్కుమంటూ ఒక్కో అక్షరం పడుతుంది చూడండి, సరిగ్గా అప్పుడు నా మోచెయ్యి పట్టుకుంటుంది. "గిదే ఊరు బిడ్డా? బస్సు వోతదా?" హీరో ప్రాణం మీదికి వచ్చినా సరే, నేను ఊరి పేరు చెప్పి, బస్సు పోదని చెప్పి, మధ్యలో సముద్రం ఉందని కూడా చెప్పాలి.

ఊరి పేర్ల మీద అంత మక్కువ ఎందుకంటే, ఆమె ఊరి పేరు ఎవరి నోటా రాదు. పొగగొట్టాల కాడ అంటారు, అంతే. మహబూబాబాద్‌లో ఉండే చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు అయ్యుండి, పదిమందిలో "మా అక్క పొగగొట్టాల కాడుంటది" అనే చెబుతుంది. తన ఊళ్లో రైలు ఆగుతుందని చిన్నమ్మకు జర గీర ఎక్కువ. అమ్మ పైకి ఏమీ అనదు గానీ లోపల మండిపోతుంది.

ఓ చలికాలం, పత్తి విరగపగిలిన రోజుల్లో, సినిమా వాళ్లు మా చేను దగ్గరికి వచ్చారు. ఆదివారం కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ల మేనేజరట, ఒకాయన గట్టు మీద నిలబడి, మూలన ఒంటి తాటిచెట్టున్న మా తెల్లటి చేనును చూసి, దాని వెనక పొగమంచులో పొగగొట్టాలను చూసి మురిసిపోయాడు.

"అమ్మా, మీ చేను మాకు లొకేషన్‌కి కావాలండి."

"లొకేషనా? గదెంత పని. మా బిడ్డ ఫోన్ల పెడ్తది తియ్యి," అంది అమ్మ. పత్తి బస్తాలు తీసుకుపోయే ఆటోవాళ్లకు నేనే కదా వాట్సాప్‌లో లొకేషన్ పంపేది!

"అది కాదమ్మా, ఈ చోటే కావాలి."

"ఈడికే వచ్చి నిలబడ్డవు గద నాయినా, మల్ల లొకేషన్ ఎందుకు?"

ఆయన నా వైపు దీనంగా చూశాడు. మన చేన్ల సిన్మ తీస్తరట అవ్వా అని నేను చెప్పాక గానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు. వెంటనే కొంగు సర్దుకుంది. షూటింగ్ అయ్యేదాకా పత్తి ఏరకూడదన్నారు. అమ్మ ఒప్పుకుంది గానీ ఒక్క షరతు పెట్టింది.

"సిన్మల మా ఊరు పేరు పడాలె. టిక్కుటిక్కుమని పడాలె."

"తప్పకుండా పడుతుందమ్మా," అన్నాడాయన. అంత తొందరగా ఒప్పుకునేసరికి నాకు అప్పుడే డౌటు కొట్టింది.

అమ్మకు మాత్రం ఏ డౌటూ లేదు. చిట్యాల నుంచి మహబూబాబాద్ దాకా చుట్టాలందరికీ ఫోన్లు చేయించింది. "ఇగ పొగగొట్టాలు గిగగొట్టాలు బంద్. పేరు వెట్టి పిలువుండ్రి," అని చిన్నమ్మకు ముందే హెచ్చరిక. సినిమా భూపాలపల్లికి రాగానే మధ్యాహ్నం ఆటకు మా వాళ్లతో ఒక వరుస వరుసంతా నిండిపోయింది. చిన్నమ్మ కూడా మోకాళ్ల నొప్పులను తిట్టుకుంటూ బస్సులో వచ్చింది.

ఇంటర్వెల్ దాకా సముద్రాలు, ఎడారులు, అద్దాల మేడలు. మా యాస మాట్లాడేవాడు సినిమా మొత్తం మీద ఒక్కడే కనిపించాడు, వాడు హీరో కారు కడుగుతున్నాడు. అమ్మ మిర్చిబజ్జీ చేతిలో పట్టుకుందే గానీ కొరకలేదు.

ఇంటర్వెల్ తర్వాత తెరంతా ఒక్కసారి తెల్లబడింది. హీరో మోకాలి లోతు మంచులో రొప్పుతూ పరిగెత్తుతున్నాడు. మూలన, ఎవరు తీసేయడం మరిచిపోయారో, ఒక తాటిచెట్టు తల ఊగుతోంది.

"మన తాడే! గది మన తాడిచెట్టే!" అని అమ్మ లేచి నిలబడింది. మా వరుసంతా ఈలలు. ఇంత చలిదేశంలో వీళ్లకేం సంబరమని ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

టిక్కుటిక్కుమని ఇంగ్లీషు అక్షరాలు మొదలయ్యాయి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"పడుతున్నయి! సదువు బిడ్డా, గట్టిగ సదువు. మీ చిన్నమ్మకు ఇనవడాలె."

అది నోరు తిరగని ఏదో మంచు దేశం పేరు. ఆ మేనేజర్ ఆ క్షణాన దొరికితే బడి బెత్తంతో సహా జవాబు చెప్పేదాన్ని.

"వేరే దేశం పేరు పడ్డదవ్వా. మనది కాదు," అన్నాను.

ఆమె చెయ్యి నా మోచెయ్యి వదిలేసింది. చిన్నమ్మ పక్కుమని నవ్వి, "అక్కా, నీ చేను ఫారిన్ వోయిందే!" అంది. తెర మీద విలన్ మా పత్తిలో బోర్లా పడి ఉన్నాడు. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది.

కొంచెంసేపటికి వరుసంతా వినపడేలా అమ్మ గొంతు లేచింది.

"గీ సీఐడీ యాడనన్న అసలు పేరు జెప్పిండా? అడుగడుక్కు దొంగ పేరు వెట్టుకోలే? మా ఊరు గూడ గంతే. పని మీద వోయింది, పేరు దాసుకున్నది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ చల్లారిన బజ్జీని అప్పుడు కొరికింది.

ఆ తర్వాత ఆమె సినిమా చూసే పద్ధతే మారిపోయింది. ఎంత అందమైన విదేశం వచ్చినా బస్సు సంగతి అడగదు. అనుమానంగా చూస్తుంది. "గిది అసలు ఏ ఊరో పాపం. గా ఊరోళ్లు గూడ యాడనో కూసోని పేరు కోసం సూస్తుంటరు," అంటుంది.

ఇది రాస్తున్నప్పుడు ఆమె నా దగ్గరే, జనగామలోనే ఉంది. ఊరి పేరు రాయమంటావా అవ్వా అని అడిగాను.

"వద్దు బిడ్డా, దొరికిపోతది," అని నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది.

నేను రాత పనిలో పడ్డాను. పోపు వాసన వచ్చింది, దాని వెనకే ఆమె గొంతు.

"రాస్తే, పెద్దచ్చరాలల్ల ఏస్తరా?"