షుగర్ అని రాయించాం

మా అన్నకు షుగర్ లేదు. ఎనిమిదేళ్ళు మా ఇంట్లో ఉందనే చెలామణి అయింది. ఆయనకున్నది హెచ్ఐవి. ఆ సంగతి బయటపడ్డ రోజు మా నగర్తపేట జరీ కొట్టు వెనక గదిలో నన్ను కూర్చోబెట్టి, "మీ వదినకి తెలీకూడదప్పా. తెలిస్తే చచ్చిపోతాది," అని చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఒప్పుకున్నాను. అన్న ఏడిస్తే కాదనే గుండె నాకు లేదు.

నెలనెలా తెచ్చుకునే మాత్రల్ని షుగర్ మాత్రల డబ్బాలో పోసుకునేవాడు. కాఫీలో చక్కెర మానేశాడు. ఒబ్బట్టంటే ప్రాణం పెట్టే మనిషి, ఉగాది నాడు విస్తట్లో వేసినదాన్ని మా పిల్లలకిచ్చి చిత్రాన్నంతో లేచిపోయేవాడు. లేని జబ్బుకు ఇంత నిష్ఠగా పథ్యం చేసిన మొనగాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

కరోనా రెండో విడతలో ఆయనకు తగులుకుంది. ఆటో ఎక్కేముందు నా చెవిలో, "మాత్రలు అయిపోయి రెండు నెలలైందిరా. లాక్‌డౌన్‌లో పోలేకపోయినా," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తిట్టడానికి అది సమయమా?

ఆస్పత్రిలో అన్నకు ఆక్సిజన్ పెట్టి లోపలికి తీసుకుపోయారు. కౌంటర్ దగ్గర నర్సు కన్నడంలో అడిగింది, వేరే జబ్బులేమైనా ఉన్నాయా అని. నా పక్కన వదిన ఉంది. నేను ఆమె మొహం చూశాను, ఆమె నా మొహం చూసింది.

"షుగర్," అన్నాను.

"అవును మేడం, షుగరే," అంది వదిన కూడా. నర్సు రాసుకుంది.

మూడో రోజు డాక్టరు ఫోన్ చేసి, షుగర్ మామూలుగానే ఉంది, ఊపిరితిత్తులే ఎందుకింత పాడవుతున్నాయో అర్థం కావడం లేదన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. ఫోను స్పీకరులో ఉంది, వదిన వింటోంది. సరేనని పెట్టేశాను.

మర్నాడు వీధి చివరకు పోయి ఒక్కణ్ణే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను.

"మొదటి రోజే చెప్పాలి కదండీ. మాత్రలు ఆపేసినవాళ్ళకి కరోనాతో పాటు ఇంకో ఇన్ఫెక్షన్ కూడా ఉండొచ్చు. దాని మందులు వేరే."

మందులు మార్చారు. ఐదో రోజు అన్న పోయాడు. ముందే చెప్పి ఉంటే బతికేవాడా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేమన్నాడు. పెద్ద శిక్ష వేసినా ఓర్చుకునేవాణ్ణేమో, ఆ ఒక్క మాటను మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను.

కర్మలన్నీ అయ్యాక వదిన కాళ్ళ మీద పడి అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

"నాకు తెలుసప్పా," అంది. "ఎనిమిదేళ్ళ కిందట, జబ్బు బయటపడిన వారమే చెప్పినాడు. నన్నూ పిల్చుకుపోయి పరీక్ష చేయించినాడు. నాకు లేదు. తమ్ముడికి మాత్రం తెలీకూడదు, వాని ముందర తలెత్తుకోలేనని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ పొద్దు నర్సు అడిగితే చెప్పేద్దామనే నోరు తెరిచినా. పక్కన నువ్వుండావు..."

మేమిద్దరం కలిసి వెళ్ళకుండా ఎవరో ఒక్కరమే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే, చెప్పేవాళ్ళం.