వెల్డా ఆస్టర్‌గ్రెన్ ముక్కు

మానవ చరిత్రలో ముక్కు పాత్రను గురించి పండితులు రాయవలసినంత రాయలేదు. రాసిన రోజున, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం దక్షిణపు కొసలో, మెడ్‌ఫర్డ్ ఊరి శివారున, పియర్ పళ్ల గిడ్డంగి పక్కనున్న ఒక రేకుల షెడ్డులో ప్రతి ఉదయం ఎనిమిదీ పదికి జరిగే ఘట్టానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. సరిగ్గా ఆ వేళకు వెల్డా ఆస్టర్‌గ్రెన్ కాఫీ కప్పును ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది. మొదటిసారి పొడుగ్గా పీలుస్తుంది. కప్పు దూరం జరిపి, కిటికీలోంచి కొండల వైపు చూస్తుంది. రెండోసారి పొట్టిగా. మూడోసారి కళ్లు మూసుకుని. ఆ తరవాతే మొదటి గుటక.

ఈ మూడు పీల్పుల విధి కాఫీతో ఆగేది కాదు. రొట్టెకూ అదే, చూయింగ్ గమ్‌కూ అదే, అద్దెకు తెచ్చిన కారు సీటుకూ అదే. మేనకోడలి పెళ్లిలో వరుణ్ణి కౌగిలించుకున్నప్పుడు కూడా మూడుసార్లు పీల్చిందనీ, కుర్రాడు ఫలితం కోసం కాసేపు ఊపిరి బిగబట్టాడనీ చెప్పుకుంటారు. మహా వ్యక్తులకు చిన్న లోపాలూ ఉంటాయి. ఒక సోమవారం విరిగిన పాలు పోసిన కాఫీని అంతా తాగేసింది. ఆ షెడ్డులో ఆవిడతో పనిచేసే మేం పరధ్యానం అనుకున్నాం.

షెడ్డులో ఉన్నది పరీక్షల ల్యాబు. అక్కడ వెల్డా ఉద్యోగం, తిండిలో రుచికీ వాసనకూ కలిపే రసాయనాల వల్ల మనిషికి చేటు ఉందా లేదా తేల్చడం. ఎంత కలిపారు, రోజుకు ఎంత లోపలికి పోతుంది, ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుంది, దాన్ని తిన్న ఎలుకలు ఎన్నాళ్లు బతికాయి. ఈ నాలుగు ప్రశ్నలతో ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు నెట్టుకొచ్చింది. మొదట్లో బిస్కెట్లవాళ్లు, ఐస్‌క్రీములవాళ్లు వచ్చేవారు. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధం అయ్యాక దాంతో మిఠాయిలూ నూనెలూ చేసేవాళ్లు రావడం మొదలైంది. గడ్డాలు పొడుగయ్యాయి, ప్రశ్నలు మారలేదు.

పరీక్షలో నెగ్గిన సరుకు కాగితం మీద ఆవిడ ఒక ముద్ర వేస్తుంది: ‘ఉద్దేశించిన వాడుకలో సురక్షితం.’ ఈ వ్యాపారంలో పుట్టి పెరిగినవాళ్లు ఆ మూడు మాటల్లో చివరిదొక్కటే చదువుతారు. మొదటి రెండూ మర్యాదకోసం వేసినవని వాళ్ల నమ్మకం.

రాస్కో టిండల్ ఆ నమ్మకంలో పెరిగినవాడే. బడిలో వెల్డాకంటే రెండు తరగతులు కింద చదివాడు. పదేళ్లుగా ఊళ్లో గంజాయి దుకాణం, దాని వెనకే చిన్న తయారీశాల నడుపుతున్నాడు. అక్టోబరులో, కోతలు జోరుగా సాగుతున్న ఒక బుధవారం, ఒక చేతిలో గోధుమరంగు సీసా, ఇంకో చేతిలో పాత కాగితం పట్టుకుని వచ్చాడు.

“వెల్డా, నీకు పనేం లేదు. ముద్ర ఒక్కటి కొట్టు చాలు. రెండేళ్ల కిందట నువ్వు ఒప్పుకున్న సరుకే ఇది. అమ్మ బటర్ కేకు వాసన.”

“అప్పుడు జెల్లీ బిళ్లలకని తెచ్చావు కదా?”

“ఇప్పుడు వేప్ పెన్నుకి, ఆవిరి పీలుస్తారే, ఆ గొట్టానికి. సీసా అదే, వాసన అదే. బిళ్లయినా పెన్నయినా నోట్లోనే కదా పెట్టుకునేది!”

“పెన్ను మింగుతారా?”

“జోకులు తరవాత వేద్దువుగాని. శనివారం దుకాణానికి పదేళ్లు నిండుతున్నాయి. పదకొండింటికి అమ్మ రిబ్బను కత్తిరిస్తుంది. డబ్బా మీద అమ్మ బొమ్మ.”

అమ్మ అనేటప్పుడు అతని గొంతు కొంచెం తగ్గింది. ఎనభై మూడేళ్ల ఓపల్ టిండల్ ఈ పదేళ్లలో ఒక్కసారి కూడా కొడుకు దుకాణం గడప తొక్కలేదని ఊరంతటికీ తెలుసు.

రాస్కో ఒక డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. దాని మీద ఓపల్ నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాల్లో ‘సురక్షితం’ అని ఉంది.

“మిగతా రెండు మాటలేవి?” అంది వెల్డా.

“చోటు చాల్లేదు. అమ్మ జుట్టు మరీ పెద్దది.”

వెల్డా సీసా మూత తీసింది. పొడుగ్గా ఒక పీల్పు. కొండల వైపు చూపు. పొట్టిగా ఒకటి. కళ్లు మూసుకుని ఇంకొకటి.

“ఏడో నంబరు,” అంది.

రాస్కో ఆఫీసువాళ్లు సీసాలోని పదార్థాల జాబితా ముందురోజే వెల్డాకు పంపారు. మొత్తం పద్నాలుగు పేర్లు. రాస్కో అందులో వేలు పెట్టి ఏడోదాన్ని వెతికాడు. డయాసిటైల్.

“బాబోయ్,” అన్నాడు, “పద్నాలుగింట్లో సరిగ్గా దాన్నే పట్టావా!”

“వెన్న వాసన ఇచ్చేది అదే. వెన్నలో కూడా ఉంటుంది. తింటే కడుపు అరిగించేస్తుంది, దానికది అలవాటే. పీలిస్తే ఎవరు అరిగిస్తారు? పాప్‌కార్న్ ఫ్యాక్టరీల్లో ఈ వాసనను తొట్లలో కలిపినవాళ్లకి ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయాయి. వాళ్లు పీల్చారు. తిన్నవాళ్లు సినిమా చూసి ఇంటికెళ్లారు.”

“కడుపైనా ఊపిరితిత్తులైనా రెండూ చొక్కా లోపలే కదా, వెల్డా!”

“పెట్రోలు ట్యాంకూ రేడియేటరూ రెండూ నీ ట్రక్కులోనే ఉన్నాయి. రేపు రేడియేటర్లో పెట్రోలు పోసి చూడు.”

“సరే, ఆ ఏడోది తీసేయిస్తా. మిగతా పదమూడు?”

“తింటే ఏమవుతుందో తెలుసు. పీలిస్తే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.”

“చూడలేదంటే, చెడ్డదని కాదుగా?”

“మంచిదని కూడా కాదు.”

ఏమీ అడక్కుండానే సంతకాలు పెట్టే ల్యాబులు వేరే ఊళ్లో ఉన్నాయన్నాడు రాస్కో. ఉంటాయి, వెళ్లమంది వెల్డా. “వాళ్ల అమ్మ బొమ్మ కాదుగా డబ్బా మీద.” అతను సీసాకు మూత బిగించి, వేరే ఊరికి కాకుండా ఇంటికి వెళ్లాడు.

మర్నాడు ఉదయం ఓపల్ టిండల్ స్వయంగా వచ్చింది. జుట్టు అప్పటికే శనివారం కోసం సెట్ చేయించుకుని ఉంది. చేతిలో రేకు మూతపెట్టిన పళ్లెం.

“నా కేకును ఫెయిల్ చేసిందానివి నువ్వేనా, పిల్లా?”

వెల్డాకు యాభై తొమ్మిదేళ్లు. పిల్లా అనిపించుకుని చాలాకాలమైంది. “కేకును కాదు, మిసెస్ టిండల్. కేకు ఆవిరిని.”

“ముందు తిను. మాటలు తరవాత.”

మూడు పీల్పులూ అయ్యాయి. వెల్డా రెండు ముక్కలు తింది. “అంచులు భలే కరకరలాడుతున్నాయి. మధ్యలో మెత్తగా ఉంది,” అంది. ఓపల్ మొహం కాస్త మెత్తబడింది. కుర్చీ లాక్కుని కూచుంది.

“పదేళ్లుగా చర్చిలో అందరికీ ఏం చెప్పానో తెలుసా? మావాడు గులాబీల నర్సరీ నడుపుతున్నాడని. అంటుమొక్కలు కావాలని అడిగినవాళ్లకి బజార్లో కొని తెచ్చిచ్చాను. పదేళ్లు! ఇంక నావల్ల కాదు. నా కొడుకు సిగ్గుపడే పనేం చెయ్యట్లేదని నా మొహంతోనే చెబుదామనుకున్నా. శనివారం చర్చివాళ్లందరినీ రమ్మన్నాను. ఇప్పుడు నువ్వు కాదంటే, నేను అక్కడ ఏ మొహం పెట్టుకుని నిలబడను?”

వెల్డా లేచింది. రెండు ఫైళ్లు తెచ్చి బల్లమీద పెట్టింది. ఒకటి ఇటుకంత మందం. రెండోదాంట్లో ఒకటే కాగితం.

“ఈ లావుది, ఆ సీసాలో ఉన్నవాటిని తింటే ఏమవుతుందో. ఎలుకలు, మనుషులు, ముప్పై నలభై ఏళ్ల లెక్కలు. ఈ ఒక్క కాగితం, పీలిస్తే ఏమవుతుందో. ఇందులో ఏడో నంబరు గురించి రాసి ఉంది, మంచి మాట కాదు. మిగతా పదమూడింటికీ ‘తెలియదు’ అని నేనే రాశాను.”

ఓపల్ ఆ కాగితాన్ని కళ్లజోడు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూసింది. “ఇంత చదువుకున్నదానివి, తెలియదని రాస్తావా?”

“నా ఉద్యోగంలో ఎక్కువసార్లు రాసేది అదే, మిసెస్ టిండల్.”

“అరవై ఏళ్లుగా ఈ కేకు చేస్తున్నా. ఒక్కడూ దీన్ని పీల్చలేదు. వీడికెక్కణ్ణుంచి వచ్చిందీ బుద్ధి?” అంటూ ఓపల్ ఫోను తీసింది. “ఒరేయ్ రాస్కో! నా బొమ్మ కింద పెన్నులు పెట్టావంటే రిబ్బను కాదు, నీ చెవి కత్తిరిస్తా.”

అవతల గొంతు ల్యాబంతా వినిపించింది. “అమ్మా, నాలుగు వేల డబ్బాలు అచ్చయిపోయాయే!”

“వాటిల్లో బిళ్లలు పొయ్యి. డబ్బా సరిగ్గా చూశావా? నా చేతిలో ఫోర్కుంది. తింటున్నాను. పీల్చట్లేదు.”

నిజమే. అప్పటిదాకా మాలో ఎవరమూ ఆ ఫోర్కును గమనించలేదు.

శుక్రవారమంతా రాస్కో మనుషులు డబ్బాల్లో జెల్లీ బిళ్లలు నింపి, ‘సురక్షితం’ మీద చీటీలు అంటించారు. చీటీ మీద మూడు మాటలూ ఉన్నాయి. చోటు కోసం ఓపల్ జుట్టు పైభాగం కొంత త్యాగం చేయవలసి వచ్చింది. ఆవిడ దాన్ని పెద్ద మనసుతో క్షమించింది.

శనివారం పదకొండింటికి దుకాణం ముందు నలభైమంది గంజాయి సాగుదార్లు ఒక పక్క, చర్చి ఆడవాళ్లు తొమ్మిదిమంది ఇంకో పక్క నిలబడ్డారు. ఓపల్ రిబ్బను కత్తిరించి, “వీడు నా కొడుకు. ఇది వీడి దుకాణం. గులాబీ అంట్లు ఇక్కడ దొరకవు,” అంది. చర్చి ఆడవాళ్లలో ఒకావిడ పకపకా నవ్వింది, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. పదేళ్ల తరవాత మొదటిసారి తల్లి ఆ గడప దాటింది. రాస్కో టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

తరవాత బల్ల ఎక్కి ఉపన్యాసమిచ్చాడు. పద్నాలుగు వాసనల్లోంచి ఒక్కదాన్ని వేలు పెట్టి చూపిన ముక్కు గురించి చెప్పాడు. ఆ ముక్కు ఉన్నంతకాలం ఈ లోయలో ఎవరికీ భయం లేదన్నాడు. దానికి బీమా చేయించాలని ఒక గడ్డం సాగుదారు ప్రతిపాదించగా మరో ఇద్దరు బలపరిచారు. మొదటి డబ్బా వెల్డా చేతికిచ్చారు. ఆవిడ మూత తీసి, పొడుగ్గా ఒకసారి, పొట్టిగా ఒకసారి, కళ్లు మూసుకుని ఒకసారి పీల్చి, తల ఊపింది. చప్పట్లకు దుకాణం కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

ల్యాబులో సిబ్బంది వైద్య కాగితాలు ఉండేది నా బీరువాలోనే. తొమ్మిదేళ్ల కిందట వచ్చిన ఫ్లూ తరవాత వెల్డాకు వాసన తెలియదు.